ముప్పై ఒకటో వస్తువు

ఓడకి బరువుతో పనిలేదు, ఓస్లా గారూ.
అది తూచదు, కొలుస్తుంది.
ఇనప పొయ్యినైనా ఈకల పరుపునైనా
అడిగేది ఒక్కటే: ఎంత చోటు?

అన్నాను, అలమారా మీద టేపు పరుస్తూ.
లెర్విక్ రేవులో ఇరవై రెండేళ్ళుగా
ఇళ్ళని పెట్టెల్లో పెట్టడమే నా పని.
ఆవిడ అలమారా తలుపు తీసి చూసింది.
"లోపలేమీ లేదు కదయ్యా,
దీనికీ కిరాయేనా?"
ఖాళీకే ఎక్కువండీ.

అనకుండా ఉండాల్సింది.

మర్నాటికి ఆ ఇంట్లో ఖాళీ అన్నది మిగల్లేదు.
కెటిల్లో మేజోళ్ళు, మేజోళ్ళలో చెంచాలు,
రబ్బరు బూటులో అలారం గడియారం,
అది పొద్దున ఆరింటికి
పెట్టె లోంచి మోగి నన్ను హడలగొట్టింది.
అలమారా నిండా ఊలు కండెలు,
ఆ దీవి గొర్రెల రంగులన్నీ:
బూడిద, తేనె, తడిసిన రాయి.

నేను రాసుకుంటూ పోయాను.
ఒకటి: కుర్చీ. కాలు ఊగును.
రెండు: అద్దం. మూల పగులు గలదు.
ప్రతిదాని చివరా అదే మాట:
ఇంట్లో వాడినది, అమ్మకానికి కాదు.
ఏడు: దుప్పటి. అంచు చిరుగు గలదు.

"అది మా అమ్మది. దాని కోసమే
నేనూ మా అక్క ఇంగా
ముప్పై నాలుగేళ్ళు మాట్లాడుకోలేదు."
మరి ఇప్పుడు?
"ఇప్పుడు డనీడిన్‌లో చలిట."

ముప్పై ఒకటి తలుపు వెనక ఉంది.
టుష్కర్ అంటారు మా వైపు:
పొడుగాటి పిడి, పక్కకో రెక్క ఉన్న పార.
కొండ మీది నల్లమట్టిని ఇటుకల్లా కోసి
ఎండబెట్టి చలికాలమంతా పొయ్యిలో వేసుకుంటాం.
మూడు వేసవులుగా
ఆ మట్టి దాని మీద అలాగే ఎండి ఉంది.

చెప్పక తప్పలేదు.
న్యూజిలాండ్ వాళ్ళు మట్టిని రానివ్వరండీ,
గోటి సందున ఉన్నంత కూడా.
విత్తనం, పురుగు, వాళ్ళ భయం వాళ్ళది.

"లౌరీ కడిగి పెట్టేవాడే,
ఆ రోజు వంట్లో బాగాలేదన్నాడు."
అంతే అంది.

బేసిన్ తెచ్చింది. నీలం టూత్‌బ్రష్ తెచ్చింది.
ఆకుపచ్చది గ్లాసులోనే ఉంది, అది ఆవిడది.
మెట్టు మీద కూచుని తోముతుంటే
మొదటి నీళ్ళు తారు,
రెండోవి కాఫీ, మూడోవి టీ.
ప్రతిసారీ లేచి
రూబార్బ్ మడిలో పోసి వచ్చింది,
పక్కనే తూము ఉన్నా.
ఐదోసారికి నీళ్ళు నీళ్ళయ్యాయి.
నా టీ చల్లారింది.
వచ్చే ఏడు ఆ మడి ఎవరిదో
నేను అడగలేదు.

విలువ ఎంత రాయమంటారు?
"కొన్నది కాదే, తనే చేసుకున్నాడు."
ఆ గడిలో ఒక గీత గీశాను.

రాత్రి పడవలో అబర్డీన్‌కి,
అక్కణ్ణించి ఎవరిదో పియానో పక్కన
ఇనప డబ్బాలో, భూగోళం కింది అంచుదాకా.
పదకొండు వారాలు.

మార్చిలో కార్డు వచ్చింది.
"పిడి చీలికలో మట్టి దొరికిందట, ఆవగింజంత.
తొడుగులేసుకున్న కుర్రాడు సూదితో తీసి,
ఆవిరి పట్టి, అరవై ఎనిమిది డాలర్లు వేశాడు.
లౌరీ అయితే బేరమాడేవాడు.
నేను అడిగినంతా ఇచ్చేశాను.
అలమారా గుమ్మంలో పట్టలేదు, వాకిట్లోనే ఉంది.
దుప్పటి ఇద్దరికీ చాలదు.
ఇక్కడా వానే."

పాత జాబితా నకలు వెతికి తీశాను.
ముప్పై ఒకటి ఎదురుగా, గీత పక్కన,
అరవై ఎనిమిది అని రాశాను.
కాసేపు చూసి కొట్టేశాను.
అది మట్టి ఖరీదు.
పారది కాదు.