ఎనభై ఐదు, టి

ములుగు రోడ్డు మీద మైసయ్య టైర్ల దుకాణం.
"గిది ఏసుకో, పన్నెండు వందలు తక్కువ.
గుండ్రంగ లేదా? ఉరుకదా?"

డ్రైవర్ డోర్ తెరిచి
అంచుకు అంటిచ్చిన చీటీ మీద దుమ్ము తుడిచిన.
నూట అరవై ఐదు, ఎనభై, ఆర్ పద్నాలుగు.
ఎనభై ఐదు, టి.
ఆయన చూపెట్టిన దాని మీద ఎనభై ఒకటి.
నాలుగే తేడా.

పోయినేడు జాకారం దాటినంక
మా షడ్డకుడు ఓదేలు బండి బోల్తా కొట్టింది.
సర్వేయరు వచ్చిండు.
పగిలిన అద్దం చూడలే, సీటు మీది మరక చూడలే,
మోకాళ్ల మీద కూసోని
టార్చిలైటు ఏసి టైరు చదివిండు,
అంగట్ల మా తాత
గొర్రె నోరు తెరిచి పండ్లు చూసినట్టు.
ఏం రాసుకున్నడో,
ఓదేలు ఫైలు ఇంకా హన్మకొండలనే ఉన్నది.

ఏడో తరగతి తప్పిన నేను
నల్ల రబ్బరు మీది నల్ల అక్షరాలు
వేలు పెట్టి కూడబలుక్కుంట.

మైసయ్య గొణుక్కుంట
లోపలి నుంచి ఇంకోటి దొర్లిచ్చుకొచ్చిండు.
ఎనభై ఐదు. టి.
పక్కన సున్న ఎనిమిది, ఇరవై నాలుగు:
మేడారం జాతర వారం పుట్టింది.
ఆ వారమంత నేను
నిద్ర లేక, అరిగిన టైర్ల మీద
బంగారం మోసిన, పసిపిల్లలను మోసిన.

బిల్లు మీద నంబర్లన్నీ రాయించుకున్న.
"చదువుకున్నోనివైతివి పో" అన్నడు మైసయ్య.