టంకశాల వీధి, రెండో అంతస్తు

నాణేన్ని అంచు పట్టుకోవాలి.
బొటనవేలూ చూపుడువేలూ, అంతే.
బొమ్మనీ బొరుసునీ తాకే హక్కు
వెలుతురు ఒక్కదానికే.
కింద మఖ్‌మల్ గుడ్డ పరచాలి,
జారినా దెబ్బ తగలకుండా.
దాని మీద వంగి మాట్లాడకూడదు.
నోటి తుంపర ఇవాళ కనబడదు,
పదేళ్ళకి నల్లమచ్చై పైకొస్తుంది.
చెప్పాల్సింది ఏదైనా
ముఖం పక్కకి తిప్పి చెప్పాలి.

ఈ వీధిని ఇప్పుడు తంగసాలై అంటారు.
కొత్తగా వచ్చినవాళ్ళు బంగారు బాట అనుకుంటారు.
మా అవ్వ మాత్రం చివరిదాకా టంకశాల అనే అనేది.
తెల్లదొరల నాడు ఇక్కడ ముద్రలు కొట్టేవారట.
ఇప్పుడు స్టీలు గిన్నెలు, శుభలేఖలు, కచోరీ నూనె వాసన,
మేడమీద నేను, ఒక దీపం,
పదింతలు చూపే భూతద్దం.

వరదరాజులు గారు నలభై మెట్లూ ఎక్కి
రొప్పుతూ కూర్చున్నారు.
ముప్పై ఒక్క ఏళ్ళు తిరువొత్తియూరు బస్సులో కండక్టరు.
తోలుసంచి ఇంకా వదల్లేదు. సంచిలో పసుపు గుడ్డ,
గుడ్డలో అగ్గిపెట్టె, పెట్టెలో రూపాయి.
నిద్రమత్తులో ఎవరో కొట్టిన రూపాయి అది:
అచ్చు పక్కకి జరిగి, సింహం చెవి దగ్గర తెగి,
ఒక వైపు నెలవంకంత ఉత్త లోహం.
పంతొమ్మిదీ ఎనిమిదీ పడి
చివరి అంకె పడనే లేదు.

"కాసిమేడు కాడ చేపలామె ఇచ్చింది మా.
డిపోలో లెక్కకి నా రూపాయి వేసి దీన్ని దాచుకున్నా.
ఆ పొద్దు నాకు టీ లేదు."

అంచు పట్టుకోండి అన్నాను.
"తొంభై మంది వేలాడే బండిలో
అంచు ఎవరు పట్టుకున్నారు మా,
ఫుట్‌బోర్డు మీదోళ్ళు తప్ప?"
టిక్కెట్లు చింపీ చింపీ అరిగిన బొటనవేలు.
రేషను కొట్టు మిషను దాన్ని గుర్తుపట్టదట.

దీపం కింద వంచి తిప్పాను.
చెయ్యి పడని నాణెం మీద
వెలుగు బండిచక్రంలా దొర్లుతుంది.
చేతులు మారినదాని మీద కూడా
మూలల్లో ఎక్కడో కాస్త మిగులుతుంది.
ఇక్కడ చక్రం కదల్లేదు.
ఒకే దిక్కుకి దువ్విన జుట్టులా సన్నగీతలు,
అంచు నుంచి అంచుదాకా.

అడక్కముందే ఆయనే చెప్పారు:
"రాత్రి మా ఆండాళు చింతపండేసి తోమింది,
పైన సబీనా పొడి.
పెద్ద చోటికి పోతా ఉండాది గదా,
మాసిన ముఖంతో పంపుతామా అని."

డెబ్బై దాకా అంకెలున్నాయి నా దగ్గర.
నిన్న సాయంత్రం తెచ్చుంటే
యాభై ఐదు రాసేదాన్ని, చెయ్యి వణక్కుండా.
అరిగితే అంకె తగ్గుతుంది. తోమితే అంకే ఉండదు.
"అసలుదే. తోమబడింది."
ఆ రెండు మాటలూ రాసి
ప్లాస్టిక్ డబ్బీలో పెట్టి మూసేయడమే.
వాడకాన్ని ఓర్చుకుని
ముచ్చటను ఓర్చుకోని ఈ నియమం
నాకెప్పుడూ నచ్చలేదు.
రాసేది మాత్రం నేనే.

నాణెం ఇంకా మా ఇద్దరి మధ్య గుడ్డ మీదే ఉంది.
ముఖం పక్కకి తిప్పి చెప్పాను.
కింద ఎవరిదో ఆటో వెనక్కొస్తూ పాట పాడుతోంది.
అది ఆగేదాకా ఆయన ఏమీ అనలేదు.
తర్వాత,
"చెల్లని రూపాయికి గీతలెక్కువని
మా నాయన ఊరికే అన్లా" అని పకపకా నవ్వి
దాన్ని గుప్పిట్లోకి తీసుకున్నారు,
బొమ్మా బొరుసూ అరచేతికి అంటుకునేలా.

మెట్ల దగ్గర ఆగారు.
"ఆమె ఫోను చేస్తుంది మా.
ఏదో ఒక అంకె చెప్పు."

చేసింది, దీపాలు పెట్టే వేళకి.
యాభై ఐదు అన్నాను.
"నూటికా?"
"డెబ్బైకమ్మా."
అటువైపు గిన్నెల చప్పుడు ఆగింది.
లెక్క వేసుకున్నట్టుంది.
"మంచిదే తల్లీ. తోమకపోయుంటే
ఇంకా తక్కువొచ్చుండును.
పెట్టెలో ఇంకో మూడుండాయి,
తోమి పంపనా?"