సణుగుడు

రాత్రి పదకొండూ నలభై. హెల్టర్మా రేవు నుంచి
ఆఖరి ఫెర్రీ మంచుపలకల్ని ఒరుసుకుంటూ వెళ్లిపోయింది.
టికెట్ గదిలో హీటరూ నేనూ మిగిలాం.

తలుపు తడతాను.
ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఎక్కడో అద్దెకుంటుంది మా వర్చువల్ మెషీన్.
ఒళ్లు లేదు. పేరుంది, పనుంది.
తాళంచెవి చూసి లోపలికి రానిస్తుంది,
రానిచ్చీ రానివ్వగానే మొదలెడుతుంది:
"మీ లొకేల్ నాకు తెలీదు.
సెట్టింగులు ఓసారి సరిచూసుకోండి.
ప్రస్తుతానికి సి-తో సరిపెడుతున్నాను."

సి.
ఒక్క అక్షరమే పేరుగా ఉన్న దేశం.
అక్కడ నెలల పేర్లు ఎరువు తెచ్చుకున్నవి.
మేం ఓ అక్షరం నెత్తిన పెట్టుకునే చిన్న అల
అక్కడి గట్టు తగిలి ప్రశ్నార్థకమైపోతుంది.

మూడు వారాలు వినీ విననట్టు ఊరుకున్నాను.
పని చేస్తోందిగా, సణిగితే సణగనీ!
సరంగు హెల్డుర్ కూడా అంతే,
తిట్టుకుంటూనే తాడు విసురుతాడు.

మంచు ముదిరితే చిన్న పడవే దిక్కు.
పేరు పిలిచి ఎక్కిస్తాం.
మంగళవారం పిలిచాను: తాంబెర్గ్, టోమ్, ఉయ్‌బో...
కాగితం అయిపోయింది, పడవా నిండింది.
డయాలసిస్‌కి వెళ్లాల్సిన జోయా జుబోవా
సంచీ పట్టుకుని అక్కడే నిలబడి ఉంది.
రెండో పేజీ ప్రింటర్‌లోనే ఉండిపోయింది.
"జెడ్ టీ కంటే ముందు కదమ్మా" అంది,
కోపంగా కాదు, పిల్లల లెక్క దిద్దినట్టు.

నిజమే. జెడ్ మా సొంత అక్షరం కాదు,
బయటి పేర్ల కోసం ఉంచుకున్నాం.
అయినా చివర్న నిలబెట్టలేదు,
ఎస్ పక్కన చోటిచ్చాం.
హెల్డుర్ దిగి ఆమెకి తన చోటిచ్చాడు. ఆ రోజుకి అలా గడిచింది.

రైవో ఫోన్‌లో అన్నాడు:
"నీ లాప్‌టాప్ వెళ్లిన చోటికల్లా నీ భాషని వెంటేసుకెళ్తోంది.
ఆ వాక్యం ముందు ఓ హ్యాష్ పెట్టు, అది నోరు మూస్తుంది."

మూస్తుంది. జుబోవా మాత్రం అట్టడుగునే ఉంటుంది.

అందుకే ఈ రాత్రి దాని భాషల పట్టీ తెరిచాను.
వందల భాషలు, ప్రతిదాని ముందూ గడియలా ఓ హ్యాష్.
నాది గమనించకుండా కిందికి జారిపోయాను:
తమిళం, తెలుగు, తజిక్, థాయ్.
వాళ్ల వరసల్లో ఎవరి తర్వాత ఎవరో!
వెనక్కొచ్చి మా గడియ తీశాను.
తయారవుతోంది, అంది. కాసేపటికి, అయింది, అంది.

బయటికొచ్చి మళ్లీ తలుపు తట్టాను.
ఏమీ అనలేదు.
ఏమీ అనకపోతే ఎలాగో ఉంది కాసేపు.

శుక్రవారం జాబితా అచ్చు తీశాను.
జుబోవా, తర్వాత తాంబెర్గ్.
అల చెక్కుచెదరలేదు.
పేజీలు ఇప్పుడూ రెండే.
ఈసారి స్టేపుల్ కొట్టాను.