గుంట

పలాస నుంచి తొలి ప్యాసింజరు
జీడిపొగ వాసనతో సహా నన్ను
ఆమదాలవలసలో దించుతుంది.
చెప్పులు బయట, మాస్కు మొహాన.
ఎలకల గదిలో రంపపు పొట్టు, ఉచ్చ కంపు.

రెండు అరల్లోనూ నల్లవే.
ఒకే మేత, ఒకే నీళ్ళు, ఒకే కాన్పనిపించేంత పోలిక.
పదిహేడో క్రోమోజోము మీద
ఒక్క చిన్న చెక్క మాత్రం వేరు.

"ఏటే గుంటా, ఎలకల ఎనక పడ్డావు?"
ముప్పై ఏళ్ళు బట్టీలో పిక్కలు కొట్టిన దాలమ్మ, మా అమ్మ.
ఎంత బూడిద రాసుకున్నా
జీడి కాల్చిన వేళ్ళు
పాము కుబుసంలా ఊడేవి.

ఎలా చెప్పను?
చెయ్యి చాపమన్నాను.
అరచేతి గుంటలో ఒక జీడిబద్ద పెట్టాను.
ఒంట్లో కణాలు ఇలాగే
తమ లోపలి ముక్కొకటి అరచేత పట్టి చూపిస్తాయి.
గుండె మీది థైమస్‌లో
ఒకదాని మొహం ఒకదానికి రాకుండా పుట్టిన టి-కణాలు
వరసగా వచ్చి ఆ చేతిని తడుముతాయి.
అస్సలు అందుకోలేనిది దిక్కులేక పోతుంది.
పట్టుకుని వదలనిది తన ప్రాణం తనే తీసుకుంటుంది.
తాకీ తాకనట్టు తాకిందే
బయటికి, కాపలాకి.

"నూటికెన్ని బతుకుతాయి?"
మూడో, నాలుగో.
"మా మేస్త్రీయే నయం."

గుంట వంపు మారితే
మిగిలేవాళ్ళు మారిపోతారు అమ్మా.
ఈ అర ఎలక ఆనవాలు పట్టే పురుగుని
ఆ అర ఎలక ఎదుట పెట్టుకునీ ఎరగదు.
మిషను నుంచి లక్ష పేర్ల జాబితా వస్తుంది.
నేను వెతికేది అందులో లేని పేర్లు.

రానివాళ్ళ హాజరు అమ్మకి కొత్త కాదు.
లోలాక్షి, సిమ్మమ్మ, కిడ్నీలు పోయిన బృందావతి.
బట్టీలో వాళ్ళ పీటల్ని ఇప్పటికీ
వాళ్ళ పేర్లతోనే పిలుస్తుంది.
"అందరం ఒకే బోరు నీల్లు తాగినాం గదే.
ఆలకెందుకొచ్చింది, నాకెందుకు రానేదు?"

నా ఎలకలు దానికి జవాబు చెప్పవు.
చెప్పవనే చెప్పాను.

బద్ద నోట్లో వేసుకుంది.
ఖాళీ అరచేతిని నా అరచేతి పక్కన ఆనించి
"ఒకటే గుంట" అంది.
సగమే, అన్నాను. మిగతా సగం నాన్నది.
"ఆ సచ్చినోడు సేతిలోకి కూడా వొచ్చీసినాడా!"
నవ్వుతూనే
ఒలవాల్సిన గోనె దగ్గరికి లాక్కుంది.