బూట్లు విప్పి రా

డనీడిన్ కొండవీధిలో ఆ ఇంటికి
కొలతలకని వెళ్ళాను.
టేపు తీయకముందే మోరాగ్ గెడ్డీస్ చెప్పింది:
"వీధి తలుపు నుంచి వంటింటిదాకా పద్నాలుగు అడుగులు.
నావి. నీ అంగలకి పన్నెండేమో."

చూపు అంచుల నుంచి చిరుగుతూ వచ్చి
ఇప్పుడు నాణెమంత మిగిలిందట.
నలభై ఏళ్ళు కత్తిరింపు కొట్టాల్లో
ఉన్ని వాసి తేల్చిన మనిషి.
బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పోగు నలిపి
ఏది ఏ బేలులోకో చెప్పేది.

నా సంచిలో కార్పెట్ ముక్కలు పద్దెనిమిది.
పేర్లు చదవబోయాను: ఏటి రాయి, పొగమంచు, ఓట్ల జావ...
"పేర్లు షాపులో పెట్టి రా" అంది.
ఒక్కోటీ చెంపకి ఆనించుకుని
నైలాన్ వాటిని తొక్కల్లా పక్కన పడేసింది.
ఒకదాని దగ్గర ఆగింది.
"కొండగొర్రెది. వానల్లేని ఏడు కత్తిరించారు,
పోగు మధ్యలో నీరసం ఉంది, చూడు."
నిజమో, గొప్పలో. తలూపాను.
తలూపితే ఆమెకి తెలియదని తర్వాత తట్టింది.

నేనూ తవేరా పాత కార్పెట్ ఎత్తాం.
కింద పొడైన అట్ట, తుప్పు మేకులు,
ఎవరి కోటుదో ఒక గుండీ.
దాని కింద బీచ్ పలకలు,
డెబ్బై ఏళ్ళుగా ఎండ ఎరగనివి.
పొయ్యి దగ్గర పళ్ళెమంత నల్లమచ్చ.
"ఇది ఉంచమంటారా?" గొంతు తగ్గించి అడిగాను.
"ఎందుకూ? ఇయాన్ తారు డబ్బా తన్నేశాడక్కడ.
దాన్ని యాభై ఏళ్ళు తిట్టాను, ఇక ఓపిక లేదు.
గీకెయ్."

వంటింట్లో లినోలియం తీస్తే
సింకు ముందు పలక గుంటబడి ఉంది.
తవేరా గోళీ వదిలాడు,
గదంతా తిరిగి అక్కడికే వచ్చి ఆగింది.
పలక మార్చాలన్నాను, ఖరీదు కూడా రాసేశాను.
ఆమె మేజోళ్ళతో వచ్చి ఆ గుంటలో నిలబడింది.
చెయ్యి తిన్నగా కుళాయి మీదికి వెళ్ళింది.
కాగితం మీద ఆ పద్దు కొట్టేశాను.

"నడవా అంతా చెక్క. పడకగది కార్పెట్.
మెట్లకి ముందు రెండడుగులు కార్పెట్టే, అదే ఉన్ని.
రెండూ కలిసేచోట వెంట్రుకవాసి కూడా లేవకూడదు.
ఇంకోటి, మెరుపు వద్దు.
మెరిసే నేల నాకు నీళ్ళలా ఉంటుంది."
మూడు నమూనాల పాలిష్ డబ్బాలు
మళ్ళీ వ్యాన్లో పెట్టాను. నూనె మాత్రం పట్టించాం,
రెండు పూతలు, కిటికీలన్నీ తెరిచి,
సముద్రపు గాలికి తవేరా పళ్ళు టకటకలాడుతుండగా.

వెళ్ళేముందు నా పాఠం అప్పజెప్పాను:
తడిగుడ్డ పిండితే చుక్క రాలకూడదు,
వెనిగర్ వద్దు, ఆవిరి యంత్రం అసలే వద్దు,
కుర్చీ కాళ్ళకి ఫెల్ట్ అంటించాను, అరిగితే కబురు చేయండి.
ఆమె తన పాఠం అప్పజెప్పింది:
టీ ఒలికితే అద్దాలి, రుద్దకూడదు.
కొత్త ఉన్ని మూణ్ణెల్లు రాలుతుంది,
దానికోసం నీ షాపుకి ఫోన్ చేసేవాళ్ళు వెర్రివాళ్ళు.
సోఫా కింద చీకట్లో చిమ్మటలు గుడ్లు పెడతాయి,
ముందు అక్కడే ఊడ్వాలి.
"అది నాకు తెలుసు" అన్నాను.
"తెలిస్తే మీ ఇంట్లో ఊడుస్తున్నావా?" అంది.

నెల తర్వాత, నూనె ఎలా ఇంకిందో చూద్దామని పోయాను.
తలుపు తీసే ఉంది. రెండడుగులు వేశాను.
వంటింట్లోంచి గొంతు:
"నీ కుడి మడమలో మేకు దిగింది.
నా బీచ్ మీద గీత పడకముందే
బూట్లు విప్పి రా."

గడప మీద కూర్చుని విప్పి చూశాను.
నిన్న ఎవరింట్లోనో పీకిన కార్పెట్ మేకు,
తల ఇంకా వంగి ఉంది.
దాన్ని జేబులో వేసుకుని లోపలికి నడిచాను,
ఎడమ మేజోడు బొటనవేలి దగ్గర చిరిగింది,
అదొక్కటీ ఆమెకి వినపడదులే అనుకుంటూ.