పాత పేరే పెట్టు

టిబిలిసిలో ఈ మేడ లిఫ్టు
ఇరవై తెత్రీల నాణెం మింగితేగానీ కదలదు.
నా దగ్గర చిల్లర లేదు.
కొత్త రౌటరు పెట్టె చంకన పెట్టుకుని
ఎనిమిది అంతస్తులూ ఎక్కాను.

త్సియాలా తలుపు తెరిచే ఉంది.
"బేకావేనా? ఆలస్యం."
ఒకప్పుడు ట్రాములో టికెట్లు కొట్టిన గొంతు,
ఇప్పటికీ చివరి సీటుదాకా వినపడుతుంది.

పాతది అల్మరా మీద, త్కెమాలీ సీసాల మధ్య.
పదకొండేళ్ల దుమ్ము.
విరిగిన కొమ్ముకు అల్లిక సూది ఆసరా.
ముట్టుకుంటే జ్వరం.
దాన్నానుకుని పడుకున్న పిల్లి
జప్తుకొచ్చిన అమీనాను చూసినట్టు చూసింది నన్ను.

తీసేముందు, అలవాటుకొద్దీ,
దీనికి ఎవరెవరు తగులుకుని ఉన్నారో చూశాను.
ఆమెకున్నది ఒక ఫోను, ఒక టీవీ.
జాబితాలో పదమూడు.

"కన్నం వేశారమ్మా" అన్నాను.
కళ్లజోడు దించి చదివింది,
చాకలి పద్దు సరిచూసినట్టు.
"ఇది మఖ్వాలా. రాత్రి నర్సు, పగలు నిద్రపట్టక సీరియళ్లు చూస్తుంది.
ఇది పక్కింటి చదరంగం ముసలాడు,
బ్రెజిల్‌లో ఎవడితోనో ఆడి, ఓడితే నీళ్ల పైపు బాదుతాడు.
వీళ్లకి నేనే ఇచ్చాను.
ఇది..."
వేలు ఆగింది.
"ఒతారి. కింద వాటా.
మా బాత్రూము నీళ్లు వాడి కప్పులోంచి కారిన నాటినుంచీ
తొమ్మిదేళ్లు, మాటల్లేవు.
వాడికెవరిచ్చారు?"

"పాస్‌వర్డ్ మార్చేస్తే
ఒక్క దెబ్బకి అందరూ బయటే" అన్నాను.
ఆమె ఏమీ అనలేదు. తీగ పీకాను.

ముందు ఏమీ జరగలేదు.
తర్వాత పైపు మోగింది, మూడుసార్లు, కోపంగా.
ఎక్కడో కుర్చీ ఈడ్చారు.
ఎవరో పిల్ల "అమ్మా, పోయింది!" అని అరిచింది.
కింద తలుపు కిర్రుమంది.
చెప్పుల చప్పుడు మెట్లెక్కి
సరిగ్గా మా గుమ్మం అవతల ఆగింది.

తెరిచిన తలుపు వైపు
మేమిద్దరం చూడలేదు.

కొత్త పెట్టె పేరడిగింది.
"పాత పేరే పెట్టు" అంది త్సియాలా, గట్టిగా,
చివరి సీటుదాకా.
"పాస్‌వర్డ్ కూడా పాతదే."

పచ్చ దీపం వెలిగింది.
చప్పుడు మెట్లు దిగిపోయింది,
వచ్చినంత నెమ్మదిగా కాదు.
"దగ్గు వాడిదే" అంది.
నాకైతే దగ్గు వినపడలేదు.

కొత్తది చల్లగా ఉంది. పిల్లి వాసన చూసి వెళ్లిపోయింది.
పాతదాన్ని సంచీలో వేసుకున్నాను, ఇంకా గోరువెచ్చన.
గుమ్మంలో నా అరచేతిలో
ఇరవై తెత్రీలు పెట్టింది, లిఫ్టుకని.

దిగడానికి డబ్బు అక్కర్లేదని
నేను చెప్పలేదు.