ముత్యాలు ఆరిపోయేదాకా

మియావత్లాన్ దాటాక తారు రోడ్డు అయిపోతుంది.
అక్కణ్ణుంచి దుమ్మే దారి.
నేను కాటాలు బాగుచేసేవాణ్ణి.
తంపీకో రేవు నుంచి వచ్చాను, సంచిలో ఇత్తడి తూనికరాళ్లతో,
ఎర్మెలిందా బట్టీలో
కిత్తనార దుంపలు తూచే కాటా
మూడు కిలోలు అబద్ధమాడుతోందని కబురొస్తే.

పని అయ్యాక, సొరబుర్ర చిప్పలో మెస్కాల్ పోసిచ్చింది.
మా రేవులో తాగినట్టే తాగాను,
తల వెనక్కి, కళ్లు మూసి, ఒక్క గుటక.
గొంతులో ఎవరో అగ్గిపుల్ల గీసి
ఆర్పడం మరిచిపోయారు.
నిమ్మచెక్క కోసం తడుముకున్నాను.
ఎవరూ నవ్వలేదు. బతికాననుకున్నాను.
నవ్వి ఉంటేనే నయమని తర్వాత తెలిసింది.
ఆమె మనవడు ఒదిలోన్, పదహారేళ్లవాడు,
మంచినీళ్ల చెంబు నా వైపు జరిపి
గుర్రానికి మేత వేయడానికి వెళ్లిపోయాడు.

రెండోసారి తెలివిగా వెళ్లాను.
ముందు వాసన చూసి, "పొగ" అన్నాను.
"పొగ గుమ్మం," అంది ఆమె.
"గుమ్మంలో నిలబడి ఇల్లు బాగుందంటావా?"
రెండు చుక్కలు అరచేతుల్లో పోసి రుద్దమంది.
ఘాటు ఎగిరిపోయాక ఏం మిగిలిందో చెప్పమంది.
కాల్చిన చిలగడదుంపా? ఏమో.
పరీక్షలో పక్కవాడి కాగితం చూసినట్టు
ఒదిలోన్ మొహంలోకి చూశాను.
వాడు చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"పెదవి తడిస్తే చాలు.
మొదటి గుక్క నోటిని నిద్రలేపడానికి,
అది లెక్కలోకి రాదు" అంది.
నా మొదటి నెలంతా లెక్కలోకి రాలేదు.

గుంతలో, వేడిరాళ్ల మీద, నాలుగు రోజులు మగ్గే దుంపలు.
గుర్రం తిప్పే రాతి గానుగ.
మానుతొట్టెల్లో బుసబుసా పొంగే గుజ్జు,
దాని మీద మత్తెక్కి దారి తప్పిన తేనెటీగలు.
చూస్తూ చూస్తూ ఉండగానే
ఆ చుట్టుపక్కల నాకు పనులెక్కువయ్యాయి.
పాడవని కాటాలకు కూడా వెళ్లేవాణ్ణి.

ఒక తెల్లారుజామున గాజు కొలగొట్టం తీసుకెళ్లాను,
డిగ్రీలు చూపించేది, సర్కారు ముద్ర ఉన్నది.
ఎర్మెలిందా రెల్లు గొట్టంతో పీల్చి
ఎత్తు నుంచి చిప్పలోకి వదిలింది.
అంచు చుట్టూ ముత్యాలు లేచాయి.
అవి ఒక్కొక్కటే ఆరిపోయేదాకా ఊపిరి బిగబట్టి,
"నలభై ఎనిమిది" అంది.
నా గాజు నలభై ఏడంది.
లోపల్లోపల చిన్న పండగ చేసుకున్నాను.
ఆమె సీసా తాకి చూసి, "చల్లగా ఉంది. పొద్దెక్కనీ" అంది.
పొద్దెక్కింది.
నలభై ఎనిమిది.
ఆ రోజు నా సంచి మూత తీయలేదు.

వానలు మొదలైన వారం గుర్రం చచ్చిపోయింది.
దాని పేరు కపితాన్.
పంతొమ్మిదేళ్లు నడిచింది, ఆ గానుగ దాటి ఎక్కడికీ పోకుండా,
ఏడాదికోసారి కొండకి తప్ప.
ట్రాక్టర్ అరువు తెచ్చి వాలులో పూడ్చాం.
ఎర్మెలిందా అటక మీంచి ఒక సీసా దించింది.
చీటీ లేదు, బిరడా మొక్కజొన్న కండె.
రాళ్ల సందుల్లో ఎవరూ నాటకుండా పెరిగిన తోబలా.
కొండ మీంచి దాన్ని మోసుకొచ్చింది కపితానే.
మొదటి చుక్కలు మట్టికి.
తర్వాత చిప్ప చేతులు మారుతూ నా దాకా వచ్చింది.

రుచి గురించి ఆ రాత్రి ఆలోచించలేదు.
ఏం మాట్లాడాలో తెలీక పెదవి తడుపుకున్నాను, అంతే.
ఆలస్యంగా, నాలుక వెనకెక్కడో,
మా నాన్న వేళ్ల వాసన.
పగలంతా తూనికరాళ్లు పట్టి
రాత్రి నాకు నారింజ తొనలు ఒలిచిపెట్టే వేళ్లు.

"ఇత్తడి," అన్నాను పైకే. "ఇత్తడీ, నారింజ తొక్కా."
ఒదిలోన్ చిప్ప అందుకుని, కొంచెం చప్పరించి, చాలాసేపు ఆగి,
"ఇత్తడెక్కడుంది? తడిరాయి.
వానలో గానుగ రాయి" అన్నాడు.
"కాదు."
"అవును."
"ఇంకోసారి చూడు."
ఎర్మెలిందా లేచింది.
సీసా మా ఇద్దరి మధ్యా పెట్టి,
దీపం మాకే వదిలి,
చీకట్లో తడుముకుంటూ పడుకోవడానికి వెళ్లింది.